తేనెపట్టు వాకిలి

చెట్టుతొర్రలో ఒక తేనెపట్టు ఉండేదర్రా. ఎంత వింతో, అంత పట్టుకీ వేలెడు వాకిలి ఒక్కటే. అక్కడో ముసలి తేనెటీగ, వచ్చిన ప్రతిదాన్నీ ఆపి వాసన చూసేది.

తోటలన్నీ తిరిగి తేనె తెచ్చే ఒక చిన్న ఈగకి ఒళ్ళు మండింది. "పొద్దున నీ ముందే వెళ్ళానుగా అక్కా, అప్పుడే పరాయిదాన్నయ్యానా?"

"నువ్వు మనదానివేలే. రెక్క ఎత్తు."

రెక్క కింద ఆవగింజంత పురుగు కరుచుకుని ఉంది. లోపలికెళితే గూళ్ళలోని పసికూనలన్నిటినీ తినేసేది. ముసలిది దాన్ని లాగి పారేసింది.

చిన్నది ఆ పురుగుని వంగి చూసింది. "ఏ పువ్వులో ఎక్కిందో, నేనెరగనక్కా."

"ఎరిగి ఎవరు తెస్తారే? పువ్వులకి వెళ్ళొద్దనను. వచ్చాక ఆగు."

సాయంత్రం ముసలిది చిన్నదాన్ని వాకిట్లో కాపలా ఉంచి నీళ్ళకెళ్ళొచ్చి, దాని ముందు ఆగింది.

"నువ్వు కూడానా అక్కా?"

"నేనూ బయటినుంచేగా వచ్చాను."

చిన్నది గర్భగుడి తలుపు తీస్తున్నంత భయభక్తులతో ఆ ముసలి రెక్క ఎత్తి చూసింది.