గడియ పెట్టని ఇల్లు

ఇంటర్ తెలుగు క్లాసులో శోభనాద్రి మాస్టారు కథలో చివరి వాక్యం చదివి పుస్తకం మూశారు. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి తిరిగి రాడు. ఏళ్ళు గడిచాక ఒక సాయంత్రం అతని ఇంటి తలుపు ఎవరో కొడతారు. భార్య లేస్తుంది. కథ అంతే.

"వచ్చిందెవరు? ఎలా రాసినా మార్కులిస్తారు. కారణం మాత్రం చెప్పాలి," అన్నారు.

"మొగుడే సార్!" అని క్లాసంతా అరిచింది.

"నాంచారీ, నువ్వు చెప్పమ్మా."

లేచి నిలబడ్డాను. "ఎవరైనా ఒకటేనండి. తలుపు కొట్టాల్సొచ్చిందంటే ఆవిడ అప్పటికే గడియ పెట్టేసుకున్నట్టే కదండీ. ఎదురుచూసే ఇంట్లో గడియ పెట్టరండి."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మండి."

మాస్టారు నన్ను కూర్చోమన్నారు. మా నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళి, తుఫానులో చిక్కుకుని తిరిగి రాలేదని నాగాయలంకలో అందరికీ తెలుసు.

ఆ రోజు బస్సు ఆలస్యమై, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. ఎప్పటిలాగే తలుపు తోశాను. తెరుచుకోలేదు. ఇంకోసారి గట్టిగా తోశాను.

తర్వాత కొట్టాను.

"ఎవరూ?" అంది అమ్మ లోపల్నించి, మామూలుగా.