తుర్కులో ఐదు దాటాక

సిగ్రిడ్ ఉత్త మేజోళ్ళతోనే కాఫీ గదిలోకి వచ్చింది. మూసిన లాప్‌టాప్‌ను గుండెకు అదిమి పట్టుకుంది.

"అయిపోయింది హిల్కా. ఐదు దాటేసింది."

హిల్కా కప్పు కడుగుతోంది. కుళాయి కట్టేసింది.

"ఏమైంది?"

"క్యోటో నుంచి ఆహ్వానం ఇప్పుడొచ్చింది. ఐదూ పదికి! పాపం ఆ పెద్దాయన, అక్కడ అర్ధరాత్రి. నా కోసం మేలుకుని మరీ సంతకం చేసి పంపాడు. ఇప్పుడు దరఖాస్తుకు జతచేసి ఏం లాభం? ఐదింటికి దరఖాస్తులు మూసేస్తామని రాశారుగా."

నిజమే, రాశారు. గ్రాంటు ఇచ్చే ఆఫీసు బ్రస్సెల్స్‌లో ఉంది; అక్కడ ఐదు అయ్యేసరికి అని.

ఫిన్లాండ్‌లోని తుర్కు గడియారాలు బ్రస్సెల్స్ కంటే గంట ముందు నడుస్తాయి. ఈ ఊరి వాళ్ళకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. సిగ్రిడ్ మాత్రం పోయిన వేసవి దాకా స్వీడన్‌లో, ఉప్సలలో పాఠాలు చెప్పుకుంది. అక్కడా బ్రస్సెల్స్‌లోనూ ఒకటే టైము.

ఇంకా ముప్పావు గంట ఉంది.

హిల్కా నోరు తెరిచింది.

నా కోసం మేలుకుని. ఆ మాట గుర్తొచ్చి మళ్ళీ మూసేసింది.

అదే పెద్దాయనకు హిల్కా ఆరేళ్ళుగా రాస్తోంది. రెండు వాక్యాల జవాబు రావడానికి మూడు వారాలు పడుతుంది.

ఆయన దగ్గర, క్యోటో నాచు తోటల్లో, ఒక ఏడాది పనిచేసేందుకు ఇచ్చే గ్రాంటు అది. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కటే ఇస్తారు. హిల్కాను ఐదుసార్లు కాదన్నారు. వచ్చే ఏడు అడగడానికి కూడా ఉండదు, రిటైర్మెంటు దగ్గర పడుతోంది.

పొద్దున పక్క గది తాపియో అందరి ముందూ అన్నాడు: "ఆరోసారా హిల్కా? నీ పేరు కనబడగానే బ్రస్సెల్స్ వాళ్ళు 'అమ్మయ్య, ఈవిడ ఇంకా బతికే ఉంది' అనుకుంటారేమో!"

అందరూ నవ్వారు. సిగ్రిడ్ ఒక్కతే నవ్వలేదు.

ఆ నవ్వకపోవడమే హిల్కాను ఎక్కువ మండించింది.

సిగ్రిడ్ వచ్చి ఏడు నెలలు. హిల్కా దగ్గర పరిశోధన చేస్తామన్న అమ్మాయిలిద్దరూ ఇప్పుడు ఆమె దగ్గర చేరారు. ఆమె గదిలోంచి ఎప్పుడూ నవ్వులే. ఆఖరికి దాల్చినచెక్క బన్నులు కూడా ఆమె చేస్తేనే బాగుంటాయట.

"కూర్చో" అంది హిల్కా. "కాఫీ పోస్తాను."

సిగ్రిడ్ కూర్చుని లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. మూత కొద్దిగా ఎత్తింది.

"ఒక్కసారి చూడనా? ఇంకా మూయలేదేమో."

"ఎందుకులే. చూసి కడుపు మండించుకోవడం తప్ప."

"అంతేనంటావా?"

"ఐదుసార్లు దెబ్బ తిన్నదాన్ని చెబుతున్నాను. మూసెయ్."

సిగ్రిడ్ మూసేసింది.

మిగతా గదులన్నీ నాలుగింటికే ఖాళీ అయ్యాయి. కారిడార్‌లో ఎవరి అడుగుల చప్పుడూ లేదు.

"నువ్వు పంపేశావుగా?" అంది సిగ్రిడ్.

"నిన్ననే."

"అయితే నీకే రావాలి. ముఖస్తుతికి అనడం కాదు, నిజంగానే అంటున్నా. నేను నాచుల వైపు వచ్చిందే నీ వ్యాసాలు చదివి. ఉప్సలలో నిన్ను 'తుర్కు హిల్కా' అనేవాళ్ళం, తెలుసా?"

"ఎవరు?"

"అందరం. ఇక్కడ ఉద్యోగం ఉందనగానే నువ్వున్నావనే వచ్చాను. చెప్పలేదూ నీకు?"

"లేదు."

"నువ్వు అలా ముఖం బిగించుకుని తిరిగితే ఎవరు చెబుతారమ్మా!"

సిగ్రిడ్ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చొక్కా చేతితో తుడుచుకుంది.

హిల్కా తలెత్తి గోడ గడియారం చూసింది. ఆరుకు పది నిమిషాలుంది.

పంపడానికి రెండు నిమిషాలు చాలు. మీట నొక్కడమే.

"సిగ్రిడ్."

"ఊఁ?"

"చక్కెర వేయనా?"

"నేను వేసుకోనుగా. మర్చిపోయావా?"

"అవును. మర్చిపోయాను."

సిగ్రిడ్ చిన్నప్పటి సంగతులు మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న పడవ ఇంటి పైకప్పు మీద నాచు పెరిగేదట. ఆయన గీకేస్తుంటే ఏడ్చేదట. అయ్యో, పాపం దానికి నొప్పి అని. హిల్కా వింటూ తలాడించింది. ఎక్కడ ఊఁ కొట్టాలో అక్కడ కొట్టింది. కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపింది.

కిటికీ బయట మంచు నీలంగా మారి, తర్వాత నల్లబడింది.

ఆరు దాటింది.

హిల్కా భుజాలు కిందికి దిగాయి. అంతసేపూ వాటిని బిగబట్టి ఉంచిన సంగతే ఆమెకు తెలియలేదు.

"అమ్మో, చీకటి పడింది" అని సిగ్రిడ్ లేచింది. "నిన్ను కూడా ఇంటికి పోనివ్వకుండా కూర్చోబెట్టేశాను."

"పర్లేదు."

సిగ్రిడ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఈ ఊరి వాళ్ళు ఊరికే అలా దగ్గరకు తీసుకోరు. సిగ్రిడ్‌కు ఆ సంగతి ఇంకా తెలిసిరాలేదు.

"నువ్వు లేకపోతే ఈ గంట ఎలా గడిచేదో" అంది సిగ్రిడ్, హిల్కా భుజం మీద తల ఆనించే.

హిల్కా మెల్లగా విడిపించుకుంది.

కొక్కానికి వేలాడుతున్న సిగ్రిడ్ కోటు తీసి, ఆమె చేతులు దూర్చుకునేందుకు వీలుగా పట్టుకుని నిలబడింది.