పెద్దాయన విల్లు

“పొడుగుది వద్దు భాయ్. పైన తగులుతది,” అంటూ కనకయ్య వెదురు విల్లును మళ్లీ మేకుకు తగిలించాడు.

“దేనికి తగులుతది?” అడిగాడు గులాం మొహియుద్దీన్.

“ఆయన కూసున్న కాడ తల మీద నీడ ఉంటది గద.”

మంచె మీద కూర్చుని కొట్టే రకమన్నమాట, అనుకున్నాడు మొహియుద్దీన్.

పంజగుట్ట చౌరస్తా వెనక సందులో అతని దుకాణం. తాత నవాబుల వేటకు విల్లులు చేసినవాడు. మనవడు మాత్రం బడిపిల్లలకూ ఆటల క్లబ్బులకూ చేసి పొట్ట పోసుకుంటున్నాడు. నిరుడు అతను చేసిన విల్లొకటి అడవిలో చచ్చిన జింక పక్కన దొరికింది. జంగ్లాత్ వాళ్లు, అదే అటవీశాఖ వాళ్లు, పట్టుకుపోయి పొద్దంతా కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక భార్య నూరున్నీసా ఒకటే మాటంది. “వేటోళ్లతోటి మళ్లా లొల్లి పెట్టుకుంటే గీ దుకాణానికి నేనే తాళమేస్త.”

ఈ కనకయ్యేమో ఉల్లిగడ్డలు అడిగినంత తేలిగ్గా, “వేటకు మంచి విల్లు గావాలె” అంటూ లోపలికొచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు.

వెళ్లగొట్టాలనే అనిపించింది. కానీ నిరుడు తనను విడిపించిన అటవీశాఖ అధికారి జోగారావు చెప్పిన మాట గుర్తొచ్చింది. “వేటగాడెవడైనా వస్తే పంపేయకండి మొహియుద్దీన్ గారూ. మాటల్లో పెట్టి నాకు కబురు చేయండి.”

అందుకే నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. “విల్లు నీకేనా?”

“నాకేడిది! మా పెద్దాయనకు.”

“పేరు?”

“వేట అయ్యేదాక ఆయన పేరెత్తం భాయ్. మా ఊర్ల గట్ల రివాజు.”

మొహియుద్దీన్‌కు అనుమానం బలపడింది. ఏమీ ఎరగనట్టు పెట్టెలోంచి పొట్టి విల్లొకటి తీశాడు. గేదెకొమ్ము, వెదురు, నరం కలిపి అతికించినది. కొసలు రెండూ ముందుకు ఒంపు తిరిగి ఉన్నాయి.

“గిది పొట్టిగున్నా బలం మస్తు. కూసొని సుత గుంజొచ్చు. కాకపోతే ఎవరికి వాళ్లకు కొలిచి చెయ్యాలె. ఆయన్ని తోల్కరా.”

“ఆయన రాడు. ఏడాదికొక్కపారే బయటికొస్తడు. అది సుత వేటకే.” కనకయ్య రొంటిన దోపుకున్న గుడ్డ విప్పి మైనపు ముద్ద తీశాడు. “ఇగో, ఆయన పిడికిలి అచ్చు. గీ సందుల పట్టాలె విల్లు.”

“వేళ్లు తెరవడా?”

“తెరవడు.”

తుపాకీ దెబ్బ తిన్న చెయ్యేమో! మొహియుద్దీన్ మైనపు ముద్దను తిప్పి చూశాడు.

“మరి బాణమెట్ల వేస్తడు?”

“ఆయనకు మనం చెప్పాల్నా?” కనకయ్య నవ్వాడు. “మా నాయిన సుత ఆయన ఎన్కనే పోయిండు వేటకు. ఇప్పుడు ఊరంత పోతం.”

“జంగ్లాత్ వాళ్లకు దొరికితే?”

“వాళ్లు సుత ఎంబడే వస్తరు భాయ్. పోలీసోళ్లు ముందట నడుస్తరు.”

మొహియుద్దీన్ లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు.

“పాత విల్లు ఇరిగింది,” అన్నాడు కనకయ్య గొంతు తగ్గించి. “అప్పటిసంది వేట బంద్. ఊర్ల ఎవలకూ నిమ్మలం లేదు. ఒకడు అట్టతోటి చేపిద్దామన్నడు. ఆయన చేతిల ఉత్తుత్తిది పెడ్తమా? అసలుదే గావాలె. ఇంకోటి భాయ్, చేసినంక ఎవ్వలు గుంజి చూడొద్దు. ముందుగాల ఆయనే గుంజాలె.”

ఇంకొకరి వేలిముద్రలు పడకూడదనా? అనుకున్నాడు మొహియుద్దీన్. చేసిస్తానని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే అమీర్‌పేటలో జోగారావు ఇంటికి నడిచాడు. టీవీలో వార్తలు వస్తున్నాయి. మొహియుద్దీన్ చెప్పుకుపోతుంటే జోగారావు లేచి టీవీ కట్టేశాడు.

“ఏంటి! పోలీసులు ముందూ, మావాళ్లు వెనకానా? ఇది పెద్ద ముఠా అండీ. మీరు విల్లు చేసేయండి. వాడు తీసుకోవడానికొచ్చే రోజు నేను మీ దుకాణంలోనే ఉంటాను.”

“చెడగొట్టి ఇయ్యి. పీడ పోతది,” అంది నూరున్నీసా, రాత్రి ఇంట్లో సంగతంతా విని. మొహియుద్దీన్ కూడా అదే అనుకుని చాకు తీసుకున్నాడు. ఒక పక్క కాస్త పలచగా చెక్కితే చాలు, మొదటిసారి గుంజగానే విరుగుతుంది. చెయ్యి రాలేదు. చాకు పక్కన పెట్టి, మైనపు అచ్చు చూసుకుంటూ పిడిని నున్నగా అరగదీశాడు. తాత పోయాక అంత మంచి విల్లు ఆ దుకాణంలో తయారవలేదు.

చెప్పిన రోజున కనకయ్య కొత్త తువ్వాలతో వచ్చాడు. విల్లు చూడగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీ చెయ్యి సల్లగుండ భాయ్!”

మొహియుద్దీన్ అతని మొహం చూడలేక తల తిప్పుకున్నాడు. అంతలో వెనక గది పరదా తోసుకుని జోగారావు వచ్చి కనకయ్య మణికట్టు పట్టేశాడు.

“కదలకు. అటవీశాఖ! ఎవడ్రా మీ పెద్దాయన?”

కనకయ్య బెదరలేదు. రెండో చేత్తో విల్లును గుండెకు హత్తుకున్నాడు. “నన్నేమన్న అను సారు. ఆయన్ని గట్ల అనకు.”

“పేరు చెప్పు.”

“వేట గాకముందు చెప్పొద్దు సారు.”

“చెప్పకపోతే విల్లు నాతో వస్తుంది. నువ్వూ వస్తావు.”

కనకయ్య విల్లు వైపు చూశాడు. మొహియుద్దీన్ వైపు చూశాడు. నువ్వేనా భాయ్ చెప్పింది, అన్నట్టుగా ఉంది ఆ చూపు. మొహియుద్దీన్ తల దించుకున్నాడు.

కనకయ్య కళ్లు మూసుకుని, తప్పు చేస్తున్నవాడిలా చెంపలు వేసుకున్నాడు.

“ఏటా పల్లకిల వేటకు పోయే, మా గుట్ట మీది నరసింహస్వామి.”