ఉప్పు చూసే మనిషి

వంటాయన భార్య పోయాక క్యాంటీను మళ్ళీ తెరిచిన మొదటి మధ్యాహ్నమే, క్యాబేజీ కూర వడ్డించింది వడ్డించినట్టు కంచాల్లో వెనక్కి వచ్చింది.

“ఏంటన్నా, ఉప్పు బస్తా గాని చిరిగిందా?” అన్నాడు వెల్డరు. పక్కనున్నవాళ్ళు నవ్వబోయి, ఏదో గుర్తొచ్చి మానుకున్నారు. ఆ మానుకోవడమే వంటాయనకు ఎక్కువ గుచ్చుకుంది.

ఫ్యాక్టరీ సూపర్వైజరు మాత్రం మొహమాటపడలేదు. “నీ బాధ నాకు తెలియనిది కాదు. కానీ సగంమంది ఆకలితోనే మిషన్ల దగ్గరికి వెళ్ళారు. రేపు మేనేజరుగారు ఇక్కడే భోంచేస్తారట. ఆయనకు నచ్చకపోతే వంట బయటివాళ్ళకి ఇచ్చేస్తారు. నా చేతుల్లో ఏమీ లేదు.”

మర్నాడు పొద్దున్నుంచీ వంటాయనకు కాలు ఒకచోట నిలవలేదు. గరిట కడిగాడు, కడిగిన గరిటనే మళ్ళీ కడిగాడు. పొయ్యి మీది గిన్నె మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. ఈ వంటగది చెయ్యిజారితే ఆమె నిలబడిన చోటు కూడా పోతుంది.

చేయి తిరిగిన వంటవాడే, కాని పుట్టి బుద్ధెరిగి కూరగాయ ముక్క నోట పెట్టినవాడు కాదు. తరుగుతాడు, తాలింపు వేస్తాడు, వాసన పట్టి ఉడుకు చెబుతాడు. నాలుక మీద వేసుకోమంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు చూసే పని ఆమెది. గరిట అంచు నుంచి అరచేతిలోకి ఒక చుక్క, చూపు పైకప్పు వైపు, “ఇంకో చిటికెడు.” ఆ మాట మీదే క్యాంటీను నడిచింది.

“కాస్త నువ్వు చూడమ్మా,” అన్నాడు, సాయానికి వచ్చిన భార్య చెల్లెలితో.

“జలుబుతో ముక్కూ నోరూ రెండూ మూతపడ్డాయి బావా. ఇప్పుడు నిప్పుకణిక పెట్టినా బెల్లం ముక్కే అంటాను.” మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నువ్వే చూడు. పామును పట్టుకోమన్నానా? వంకాయ! కాటెయ్యదులే.”

గిన్నెలో కూర కుతకుతలాడుతోంది. కిటికీలోంచి చూస్తే షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. అతను భార్యలాగే అరచేతిలో చుక్క వేసుకున్నాడు. ఆమెలాగే పైకి చూశాడు. నాకాడు. వెంటనే పరుగెత్తి తొట్టిలో ఉమ్మేశాడు.

“ఉప్పు తెలిసిందా?”

“వంకాయ తెలిసింది.”

“దాని సంగతి నిన్నెవరు అడిగారు? మళ్ళీ చూడు.”

రెండోసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఈసారి వంకాయను తోసుకుని ఉప్పు ముందుకొచ్చింది. తక్కువైంది. వేశాడు, కలిపాడు, మళ్ళీ చూశాడు. ఇంకో చిటికెడు. మళ్ళీ చూశాడు. ఈమాటు చుక్కతోపాటు ఒక ముక్క కూడా జారి చేతిలో పడింది. దులిపేసే తీరిక లేక నోట్లో వేసుకున్నాడు. పైతోలు పంటికింద కాస్త మొరాయించింది, లోపలిది వెన్నలా కరిగింది. కారం వెనక ఎక్కడో సన్నగా తీపి. ఆ తీపి నిజమా కాదా అని ఇంకో ముక్క తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి.

“బావా, దాన్ని ఉప్పు చూడడం అనరు. భోంచెయ్యడం అంటారు.”

గరిట చటుక్కున కింద పెట్టాడు, దొంగతనం బయటపడ్డట్టు.

మేనేజరు తల వంచుకుని తిన్నాడు. ఆయన తింటున్నంతసేపూ వంటాయన తలుపు దగ్గర నిలబడి, భుజం మీది తువ్వాలును పిండిందే పిండాడు. కంచం ఖాళీ అయ్యాక ఆయన తలెత్తి, “ఇంకాస్త కూర వేయండి,” అన్నాడు. సూపర్వైజరు వెనకనుంచి తల పంకించాడు. వంటగది నిలిచింది.

జనం వెళ్ళిపోయారు. బల్లలు తుడవడం మరదలు మొదలుపెట్టింది. అతను కూర్చోలేక కూర్చుని, కంచంలో అన్నం పెట్టుకుని, గిన్నె అడుగున మిగిలిన వంకాయ కూర అంతా ఊడ్చి వేసుకున్నాడు. ఇంత ఆకలి ఎక్కడ దాక్కుందో అతనికే తెలియలేదు. రేపు బీన్సు, ఎల్లుండి సొరకాయ, ఒక్కొక్కటీ చూడాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

“మీ అక్క ఉంటే ఎంత ఎగతాళి చేసేదో,” అన్నాడు. “ఇంత రుచిని ఇన్నేళ్ళూ తనొక్కతే తింది. అందరిళ్ళలో ఆడవాళ్ళు తినమని పోరుపెడతారు. తను ఒక్కనాడు కూడా పోరలేదు. ఎందుకో మరి.”

తుడుస్తున్న గుడ్డ ఆగింది.

“ఎలా పోరుతుంది బావా? తనకీ పడవుగా!”

“ఏం పడవు?”

“కూరగాయలు. చిన్నప్పటినుంచీ అంతే. మా అమ్మ కొట్టినా మింగేది కాదు. ఇక్కడా ఉప్పు చూసి, నువ్వు అటు తిరగ్గానే వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చేది. నీకు తెలిస్తే ఇక తనను ఉప్పు చూడనివ్వవని, క్యాంటీను మూసేస్తావని నన్ను నోరు మెదపొద్దంది.”

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అందరికీ వడ్డించి, అతను తిని నడుం వాల్చాకే ఆమె కంచం ముందు కూర్చునేది.

“మరి అన్నంలోకి ఏం వేసుకునేది?”

“నన్నడుగుతావేంటి బావా? రోజూ పక్కనున్నది నువ్వు!”

ఏం తిన్నావని అతను ఆమెను ఒక్కనాడూ అడగలేదు.