వేరే పళ్ళెం

"మూడో ఇడ్లీ కూడా లాగించేసింది సూడు," అంది వాసవీకుమారి నవ్వు మొహంతో.

ఎదురుగా చాపమీద కూర్చున్న చందన తలెత్తింది.

"మా అమ్మ ఇంకోటి వేసుకోమంటోంది," అని సాయిసుధ తడుముకోకుండా ఒడియాలోకి మార్చేసింది.

చందన చెయ్యి అడ్డం పెట్టి, చాలని ఒడియాలోనే చెప్పింది.

బరంపురం బడా బజార్లో, ధర్మలింగంగారి బెల్లం కొట్టు వెనక గదిలో కొన్నాళ్ళుగా ఇదే వేడుక.

ధర్మలింగం కూతురు సాయిసుధ చదివేది ఎం.కాం. అకౌంటింగ్ ఎలాగో గట్టెక్కింది గాని, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ రెండుసార్లు తప్పింది.

"ఈసారీ పోతే సదువు కట్టిపెట్టి ఇంట్లో కూకో," అని తండ్రి తేల్చేశాడు.

క్లాసులో కూర్చుని ఏడుస్తుంటే పక్క బెంచీ పిల్ల వచ్చి, మీ ఇంటికొచ్చి నేను చెప్తాను, ఏడవకు, అంది. పైసా అడగలేదు. ఆ పిల్లే చందన.

చెప్పడమంటే అలా ఇలా కాదు. మేడమ్ బోర్డు నిండా రాసినా బుర్రకెక్కని వర్కింగ్ క్యాపిటల్‌ని, కొట్లో అమ్ముడుపోక నీరు కారుతున్న బెల్లం దిమ్మల్ని చూపించి ఒక్క సాయంత్రంలో ఎక్కించింది. సాయిసుధకి మొదటిసారి పాసవుతానన్న ధైర్యం వచ్చింది.

అయినా నోరు ఊరుకోదు కదా. ఎదుటి మనిషికి తెలుగు రాదంటే మనవాళ్ళ నాలుకకి పండగే. మొదటిరోజు గడపలో చందన ఒడియాలో పలకరించింది. ఒడియా పిల్లేనని తల్లీకూతుళ్ళు తీర్మానించేసుకున్నారు. తెలుగు వచ్చా అని అడిగిన పాపాన పోలేదు.

"ఏ కులమో ఏటో. దాని పళ్ళెం వేరే ఎట్టేను, మనవాటిలో కలిపీకు."

"అలాగేలే అమ్మా."

"రోజూ ఆ ఒక్క జతే ఉతుక్కుని ఏసుకొస్తాది కావాల."

సాయిసుధ పకపకా నవ్వేది. ఎందుకు నవ్వుతున్నారని చందన అడిగితే, తీయటి మాటేదో అల్లి ఒడియాలో చెప్పేది. తన తెలివికి తనకే ముచ్చటేసేది.

శుక్రవారం వాసవీకుమారి ఇంకో మెట్టు ఎక్కింది.

"ఊరిమీద పడి తినిరమ్మని కన్నతల్లే తోలుతాదేమో!"

సాయిసుధ నవ్వాపుకోలేక పుస్తకంలో మొహం దాచుకుంది. చందన చేస్తున్న లెక్క చివరిదాకా చేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఫోనెత్తలేదు. సోమవారమే పరీక్ష. పేపర్లో సగం మార్కులు తెచ్చే క్యాపిటల్ బడ్జెటింగ్ ఇంకా మొదలే పెట్టలేదు.

"సమయానికి చెయ్యిచ్చింది సూడు," అని వాసవీకుమారి మెటికలు విరిచింది.

చందన హాస్టల్ స్నేహితురాలు సస్మిత, చందన ఇంటికెళ్ళిపోయిందనీ, ఊరు పొడంపేట అనీ చెప్పింది.

ఆదివారం సాయిసుధ స్కూటీ తీసింది. కాళ్ళు పట్టుకునైనా తీసుకొచ్చి, ఈ ఒక్క పూట చెప్పించుకుంటే చాలనుకుంది. రుషికుల్య సముద్రంలో కలిసే చోట జాలర్ల పల్లె అది. అడుగుతూ, దారి తప్పుతూ వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

ఇంటిముందు ఒకావిడ ఎండు చేపలు తిరగేస్తోంది. చందన ఉందా అని సాయిసుధ ఒడియాలో అడిగింది.

ఆవిడ చందన తల్లి అప్పలనర్సమ్మ. ఒడియాలోనే రమ్మని, గబగబా పీట వాల్చింది. లోపలికి తిరిగి తెలుగులో గొంతు పెంచింది.

"సందనా! నీకోసం ఎవులో ఒడియా పిల్ల వచ్చిందే. పాపం, ఎండకి మొకం వాడిపోనాది. ఏ తల్లి కన్నబిడ్డో, ముందు కడుపునిండా అన్నం ఎడదాం."

సాయిసుధ పీటమీంచి లేవబోయింది.

లోపల్నించి జవాబొచ్చింది, ఇన్నాళ్ళూ ఒడియా తప్ప మరో మాట పలకని గొంతుతో.

"అన్నం ఎట్టి పంపీ అమ్మా, నాను మరి ఆళ్ళింటికి ఎల్లను. మెల్లిగా మాటాడు, ఆ పిల్లదీ మన తెలుగే."