చప్పుడు చేయని జీపీఎస్

"ఇదీ వద్దు. చేతి తొడుగులతో నొక్కితే పలకట్లేదు," అంటూ వాల్బోర్గ్ మూడో జీపీఎస్‌ని కూడా బల్ల మీద పెట్టేసింది.

యోరన్ దాన్ని ఓపిగ్గా పెట్టెలో సర్దాడు. మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్లూ వాటి సామానూ అమ్మే దుకాణం ఊళ్లో అతనిదొక్కటే. వేలితో తాకితే పనిచేసేవి స్టాక్‌హోమ్ నుంచి సెలవులకి వచ్చేవాళ్లకి సరిపోతాయి గానీ, ఇక్కడి చలిలో తొడుగు తీస్తే వేలు మిగలదు. అందుకని ఈసారి పెద్ద బొత్తాలున్నది తీసి చూపించాడు. చలికి తట్టుకునే బ్యాటరీలు వేస్తే పొద్దంతా తిరిగినా ఆగిపోదన్నాడు.

"దీనికి అరుపులున్నాయా?"

"మలుపు వచ్చినప్పుడల్లా కూస్తుంది పిన్నీ. బండి హోరులో కూడా వినిపిస్తుంది."

"అది ఆపెయ్యొచ్చా? వెలుగు కూడా?"

యోరన్ తెల్లబోయాడు. కూయకుండా, వెలగకుండా దారెలా చూపిస్తుందని అడిగాడు. దారి చూపించక్కర్లేదట, బండి ఎటెటు తిరిగిందో గుర్తుపెట్టుకుంటే చాలట. అప్పుడు బయటపడింది, అది ఆమె కోసం కాదని. ఆమె భర్త సిక్స్‌టెన్ కోసం.

"బాబాయికి జీపీఎస్సా? కళ్లకి గంతలు కట్టి కొండ మీద వదిలేసినా ఇంటికొచ్చే మనిషి కదా!"

వాల్బోర్గ్ నిట్టూర్చి, గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ఆకాశం తేటగా ఉన్న రోజున సిక్స్‌టెన్ ఇల్లు కదలడు. మంచు కురవడం మొదలై, ఊరంతా ఇళ్లకి చేరుతుంటే అప్పుడు బండి తీస్తాడు. తోడు ఎవరొస్తామన్నా వద్దంటాడు. ఒకసారి నది వైపు నుంచి వెళ్తే ఇంకోసారి కొండ వెనక నుంచి వెళ్తాడు. వెళ్లిన దారిన తిరిగి రాడు. చీకటి పడ్డాక వచ్చి, బరువైన సంచీ గుమ్మంలో పడేసి, పొయ్యి పక్కన కూలబడతాడు. ఎక్కడికెళ్లావని అడిగితే "అలా... అటు" అంటాడు.

"అటు అంటే ఎటు పిన్నీ?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

యోరన్‌కి తన తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన కూడా చివరి రోజుల్లో మతి తప్పి, ఇలాగే ఎక్కడికెళ్లి వచ్చాడో చెప్పలేకపోయేవాడు. ఆ మాట పైకి అనలేక, బాబాయికి నచ్చజెప్పి జీపీఎస్ చేతికే ఇవ్వమన్నాడు.

"చెబితే తీసి మంచులో పారేస్తాడు. సీటు మీద పరిచే రెయిన్‌డీర్ చర్మం ఉందిగా, దాని అడుగున జేబు కుట్టేస్తాను."

ఆ వయసులో కూడా మొగుడి మీద అంత బెంగ పెట్టుకున్న మనిషిని చూసి యోరన్‌కి ముచ్చటేసింది. ఆమె పర్సు కోసం కోటు జేబులో చెయ్యి పెడితే ముందు పొట్టి గాలం బయటికొచ్చింది. గడ్డకట్టిన చెరువులకి కన్నం పెట్టి చేపలు పట్టే మార్చి నెలలో ఆ ఊళ్లో గాలం లేని జేబు ఉండదు. బ్యాటరీలకి డబ్బిస్తే యోరన్ తీసుకోలేదు.

వారం తిరక్కుండానే వాల్బోర్గ్ మళ్లీ వచ్చింది. తన బండి ఇంజను కూడా ఆపకుండా లోపలికొచ్చి, జీపీఎస్ బల్ల మీద పెట్టి, ఇందులో ఏముందో చూడమంది. యోరన్ తెర మీద గీత చూసి తల పట్టుకున్నాడు. పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా ఉంది. సిక్స్‌టెన్ ఒకే కొండ చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగాడు. అడవిలోకి వెళ్లి వెనక్కొచ్చాడు. చివరికి పేరు కూడా లేని ఓ చిన్న చెరువు మీద చాలాసేపు కదలకుండా ఉండిపోయాడు.

"ఇక్కడ దారి తోచక ఆగిపోయుంటాడు, పాపం," అన్నాడు యోరన్.

వాల్బోర్గ్ ఆ చుక్క వైపే చూస్తోంది. ఆమె కళ్లు మెరిశాయి. యోరన్ అవి కన్నీళ్లనుకుని మొహం తిప్పుకున్నాడు.

"ఈ తిరుగుళ్లేవీ లేకుండా తిన్నగా అక్కడికి పోవాలంటే?"

"ఈ బొత్తం నొక్కండి. బాబాయి ఎప్పుడైనా రాకపోతే వెతకడానికి పనికొస్తుంది. కానీ ఒక్కరే వెళ్లకండి, నాకు ఫోన్ చెయ్యండి."

ఆమె అతని చెంప తట్టి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం మంచు మొదలైంది. ఊరు ఇళ్లకి చేరుతుంటే, సిక్స్‌టెన్ బండి దుకాణం ముందునుంచి ఎదురు దిక్కున పోవడం యోరన్ చూశాడు. ఆ తర్వాత అతనికి ఏ పనీ సాగలేదు. చీకటి పడ్డాక వాళ్లింటికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మొగుణ్ని వెతుక్కుంటూ పిన్ని కూడా ఒక్కతే వెళ్లిందేమో అనిపించింది. తాడూ, లాంతరూ, ఫ్లాస్కూ సంచీలో కుక్కుకుని, కోటు తగిలించుకుంటుండగా తలుపు తోసుకుని సిక్స్‌టెన్ లోపలికొచ్చాడు.

మీసాల నిండా మంచు. వట్టి సంచీ. మనిషి పొయ్యి పక్క కుర్చీలో కూలబడ్డాడు. యోరన్ గబగబా కాఫీ పోసి, ఆ ఊరి అలవాటు ప్రకారం అందులో జున్ను ముక్కలు వేసి, చేతికిచ్చాడు.

"దారి తప్పారా బాబాయ్?"

"నేనా? కళ్లు మూసుకుని పోతాను."

"మరి పిన్ని ఏది?"

సిక్స్‌టెన్ కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు.

"నలభై ఏళ్లు నేను మంచులో జాడ చెరిపి దాచుకున్న చెరువు మీద చేపలు పడుతోంది."