గిన్నె పడ్డ చప్పుడు

“ఆమె ఇప్పుడెక్కడ ఉంటోందండీ?”

రచయిత్రి తలెత్తి చూసింది. బల్లకు అవతల ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. చంకలో ఆమె నవల. నలిగిపోకుండా పాత కాలెండరు కాగితంతో అట్ట కూడా వేసుకున్నాడు.

“ఎవరండీ?”

“ఇందులో ఇల్లు విడిచి వెళ్లిపోయినావిడ. చివర్లో రైలెక్కిస్తారు కదా మీరు. ఎక్కడ దిగిందో రాయలేదు.”

ప్రాంతీయ రచయితల సభలకు అది ఆఖరి సాయంత్రం. బయటినుంచి వచ్చిన పేరున్న రచయిత మాట్లాడుతుంటే జనమంతా లోపలి హాల్లో కిక్కిరిసి ఉన్నారు. స్థానిక రచయితలకు మాత్రం వరండాలో బల్లలు వేశారు. అక్కడ ఒకరి పుస్తకం ఒకరు కొనుక్కోవడం తప్ప వేరే బేరాలు లేవు. పక్క బల్ల పొట్టి కవిది. మనిషి ఆరడుగులుంటాడు. నాలుగు పాదాలకు మించి రాయడు గనుక ఆ పేరు స్థిరపడిపోయింది. లోపల చప్పట్లు మోగినప్పుడల్లా ఆయన తన పుస్తకాల దొంతర మళ్లీ సర్దుకుంటున్నాడు.

రచయిత్రి బల్ల కిందినుంచి స్టూలు లాగి వేసింది. పెద్దమనిషి కూర్చున్నాడు.

“నాకు కళ్లజోళ్ల షాపుందండీ. మీరు వాచీల షాపని రాశారు. అంతే తేడా.”

పొట్టి కవి చెవులు రిక్కించాడు.

“అది కథండీ,” అందామె మెల్లగా.

“కథే అనుకోండి. మరి ఆ గిన్నె సంగతి మీకెలా తెలుసు?”

ఆమె చేతిలోని పెన్నుకు మూత పెట్టింది.

“వంటింట్లో ఆవిడ కావాలనే గిన్నె జారవిడుస్తుంది, ఏమైందని మొగుడు అడుగుతాడేమోనని. అతను పేపర్లోంచి తలెత్తడు. ఆ చప్పుడు నాకు గుర్తుందండీ. గిరగిరా తిరిగి తిరిగి ఆగింది గిన్నె. నేను పేజీ తిప్పాను.” ఆయన కళ్లజోడు తీశాడు. తుడవడానికి ఏమీ దొరక్క మళ్లీ పెట్టుకున్నాడు. “షాపులో పొద్దంతా వాగేవాణ్ణి. ఈ ఫ్రేములో మీరు కుర్రాడిలా ఉన్నారు, ఆ ఫ్రేము మీ మొహానికి నప్పుతుంది అంటూ. ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోయేవి. ఆవిడ ఏం చెప్పినా ‘ఊఁ’ అనేవాణ్ణి. ఆ ‘ఊఁ’ కూడా రాశారు మీరు. అచ్చం నాదే.”

రచయిత్రి ఖాళీ వరండా కేసి కాసేపు చూసింది. తర్వాత, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

“రైలు దిగాక ఒక గది చూసుకుంది.”

“కిటికీ ఉందా? గాలి లేకపోతే ఆవిడకి నిద్రపట్టదు.”

“ఉంది. పెద్దదే.”

“ఒంటరిగా ఉంటోందా?”

“లేదు. స్నేహితురాలు తోడుంది.”

“ఏదైనా పని...”

“పిల్లల బట్టలు కుట్టే చోట చేస్తోంది. అందరూ ఆడవాళ్లే. మిషన్ల చప్పుడును మించిన కబుర్లు.”

ఆయన మొహం విప్పారింది. “మంచిది. చాలా మంచిది.” కాసేపటికి గొంతు తగ్గించాడు. “నన్ను... అదే, అతన్ని తిట్టుకుంటుందా?”

“లేదండీ. అప్పుడప్పుడు తలుచుకుంటుంది.”

“తిరిగి వస్తుందా?”

“అది నేను రాయలేనండీ.”

ఆయన తలూపాడు. నవల మళ్లీ చంకలో పెట్టుకుని లేచాడు. వెళ్లబోయి ఆగాడు.

“రెండో భాగం రాస్తే ఒక్క ముక్క కలపండి. ఎక్కడో పక్కింట్లో గిన్నె పడుతుంది. అతను పేపరు పారేసి, లేచి, తన వంటింట్లోకి వెళ్లి ‘ఏమైందే?’ అని అడుగుతాడు.”

“ఇంట్లో ఎవరూ లేరుగా?”

“లేరు. అయినా అడుగుతాడండీ. గిన్నె పడ్డప్పుడల్లా.”

ఆయన మెట్లు దిగి, బస్సుల వైపు నడిచి వెళ్లాడు. సంతకం అడగడం కూడా మరిచిపోయాడు.

“పాపం, పిచ్చి మారాజు,” అన్నాడు పొట్టి కవి. “గిన్నెలు పడని ఇల్లెక్కడుందండీ? నా కవిత చదివి ఒకాయన, అది వాళ్లత్తగారి మీదేనని పోట్లాటకొచ్చాడు. అయినా మీరు అప్పటికప్పుడు ఎంత బాగా అల్లారండీ! గది, కిటికీ, కుట్టుపని! నేనైతే రెండో ప్రశ్నకే తడబడేవాణ్ణి.”

“మీరు నాలుగు పాదాలకే ఆపేస్తారుగా,” అందామె పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ.

సభ ముగిసింది. జనం బిలబిలమంటూ బయటికొచ్చి, బల్లల పక్కనుంచే దారి చేసుకుంటూ వెళ్లిపోయారు. ఒక్కరూ ఇటు చూడలేదు. కుర్చీలు మడిచే చప్పుడు మొదలయ్యాక ఆమె కూడా లేచింది. సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడవాల్సి వచ్చింది. మెట్లెక్కి తలుపు తట్టింది.

తలుపు తీసినావిడ సంచి బరువు చూసి గబుక్కున అందుకుంది.

“అన్నీ అలాగే మోసుకొచ్చావే! ఒక్కరూ రాలేదా?”

“ఒకాయన వచ్చారు. చాలాసేపు మాట్లాడారు.”

“ఎవరు?”

రచయిత్రి చెప్పులు విడిచి, ఆవిడ కేసి తిరిగింది. “కళ్లజోళ్ల షాపాయన.”

ఆవిడ సంచి నెమ్మదిగా కింద పెట్టింది. గోడకు ఆనుకుంది.

“బాగా చిక్కిపోయారా?”